ఎవరి లెక్కలోనూ లేని గ్యాసు ట్యూబు

ఏటా కార్తీకం దాటగానే లంబసింగి చలి వార్తలకెక్కుతుంది. మంచు చూడడానికి విశాఖ నుంచి కార్లు బారులు తీరతాయి. అదే చలి కొండ దిగి మాడుగుల వైపు వచ్చినప్పుడు మాత్రం అది ఎవరికీ వార్త కాదు. దాన్ని రాత్రంతా కాచుకునేవాళ్లు బ్రాయిలర్ కోళ్ల షెడ్ల రైతులు, ఆ షెడ్ల పక్క గదుల్లోనే కాపురముండే కూలీలు. పొదుగు కేంద్రం నుంచి అట్టపెట్టెల్లో వచ్చిన ఒకరోజు పిల్లకు తన ఒంటి వేడిని తాను నిలుపుకునే శక్తి ఇంకా రాదు. మొదటి వారం దానికి 95 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం కావాలి. ఆ వెచ్చదనం కోసం ఒకప్పుడు బొగ్గుల కుంపట్లు పెట్టేవారు. తరవాత కరెంటు బల్బులు వచ్చాయి. కరెంటు పోతే పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి కాబట్టి, ఇప్పుడు పైకప్పు నుంచి గొలుసుతో వేలాడే గ్యాసు బ్రూడర్లు వచ్చాయి.

బ్రూడర్ వచ్చింది, సిలిండరు వచ్చింది. ఆ రెంటినీ కలిపే గొట్టం ఎలా ఉండాలన్న నియమం మాత్రం షెడ్డు దాకా రాలేదు. ఎంత దూరం ఇనుప పైపు వెయ్యాలి, ఎక్కడి నుంచి వంగే ట్యూబు మొదలవ్వాలి, ఆ ట్యూబు ఏ రకానిది, ఎంత పొడవుండాలి, ఎన్నాళ్లకు మార్చాలి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే పనిని పశుసంవర్ధక శాఖ, అగ్నిమాపక శాఖ, గ్యాసు కంపెనీలు, పిల్లల్ని ఇచ్చి కోళ్లను తీసుకుపోయే ఇంటిగ్రేటర్లు ఎవరికి వారు పక్కవాళ్లదిగా వదిలేశారు. దీన్ని రైతు అజాగ్రత్త అని రాసేయడం సులువు. అది అబద్ధం. తెలిసినవాళ్లు చెప్పని విషయాన్ని తెలియనివాడి నెత్తిన రుద్దడం అది.

బ్రూడర్ ఎలా పనిచేస్తుందో చూస్తే ఈ నిర్లక్ష్యం ఎంత పెద్దదో అర్థమవుతుంది. పిల్లలు చిన్నవిగా ఉన్నప్పుడు బ్రూడర్‌ని కిందికి దించుతారు. వారం వారం ఐదు డిగ్రీల చొప్పున వేడి తగ్గించాలి కాబట్టి, అవి ఎదిగేకొద్దీ గొలుసు లాగి పైకి ఎత్తుతారు. బ్యాచ్ పూర్తయ్యాక షెడ్డు కడిగి సున్నం కొట్టడానికి దాన్ని విప్పి పక్కన పెడతారు, మళ్లీ పిల్లలు దిగే ముందు తగిలిస్తారు. అంటే ఇది కదిలే పరికరం. గాలికి ఊగుతుంది, మనిషి భుజం తగిలితే ఊగుతుంది. ఇలాంటిదానికి నేరుగా జీఐ పైపు బిగిస్తే, ఊగిన ప్రతిసారీ ఆ బలమంతా మర బిగించిన చోట పడుతుంది. కొన్నాళ్లకు మర వదులవుతుంది. కాబట్టి చివర్లో వంగే గొట్టం ఉండి తీరాలి. ఇందులో రెండో మాట లేదు.

కానీ చివర్లో ఉండాల్సిన ఆ ట్యూబే సిలిండరు దగ్గర మొదలై షెడ్డు పొడవునా పాకితే అసలు ప్రమాదం అక్కడే. ఒక సిలిండరు, ఒక రెగ్యులేటరు, అక్కణ్ణుంచి రబ్బరు ట్యూబు. మధ్యలో టీ జాయింటు పెట్టి రెండో బ్రూడర్‌కి ఒక పాయ, మరో టీ పెట్టి మూడోదానికి ఇంకో పాయ. క్లిప్పు దొరక్కపోతే బైండింగు వైరుతో ఒక చుట్టు. ట్యూబు ఊక మీదుగా పోతే కోళ్ల కాళ్లకు అడ్డమని దూలాలకు తాడుతో కడతారు. బ్రూడర్‌ని పైకి ఎత్తినప్పుడు మిగిలిన ట్యూబు జారి, కింద మండుతున్న బ్రూడర్ గొడుగు మీదే వేలాడుతుంది. వేడి పైకే వస్తుంది. రబ్బరు ఎండి గట్టిపడుతుంది, తరవాత బీటలు వారుతుంది. మిగిలిన పని ఎలుకలు పూర్తి చేస్తాయి. దాణా ఉన్నచోట ఎలుకలుంటాయని షెడ్డు పెట్టిన ప్రతివాడికీ తెలుసు.

గ్యాసు పనిలో ప్రపంచమంతా ఒప్పుకున్న సూత్రం చాలా చిన్నది. కదలని చోట కదలని పైపు, కదిలే చోట మాత్రమే వంగే గొట్టం. ఆ వంగే గొట్టం వీలైనంత పొట్టిగా, కంటికి కనబడేలా, దానికి ముందు ఒక వాల్వు ఉండేలా బిగించాలి. గోడలోంచి పోకూడదు, పైకప్పు వెనక దాగకూడదు. పరికరం బరువు గొలుసే మోయాలి, గొట్టం మీద ఏ బరువూ పడకూడదు. చలి దేశాల్లో గిడ్డంగులకు, కార్ఖానాలకు పైకప్పు నుంచి వేలాడదీసే గ్యాసు హీటర్ల విషయంలో ఇదంతా ఏనాడో తేలిపోయింది. ఆ హీటర్లలో పొడవాటి గొట్టంలా ఉండే రకం వెలిగించగానే వేడికి సాగుతుంది, ఆర్పగానే ముడుచుకుంటుంది. దానికి బిగుతు పైపు వేస్తే రోజూ సాగి, రోజూ ముడుచుకుని చివరికి అతుకు తెగుతుంది. అందుకే అమెరికా గ్యాసు నియమావళి అలాంటి వేలాడే హీటర్లను, ఆ పనికోసమే పరీక్షించి ఆమోదించిన వంగే కనెక్టరుతోనే కలపాలని శాసించింది. ఏదో ఒక ట్యూబు చాలదు, ఏదో ఒక పైపూ చాలదు. ఏ పరికరం ఎటు కదులుతుందో చూసి నిర్ణయించాలి.

మన దేశంలోనూ ప్రమాణాలు లేకపోలేదు. ఎల్పీజీ రబ్బరు గొట్టాలకు ఐఎస్ 9573 ఉంది. అందులో మొదటి భాగం పరిశ్రమలకు, రెండో భాగం ఇళ్లకు, వ్యాపార సంస్థలకు. సిలిండర్లను వరసగా పెట్టి పైపు ద్వారా వాడే ఏర్పాట్లకు ఐఎస్ 6044 ఉంది. ఇంటి వంటగదిలో వాడే లోపల తీగల అల్లిక ఉన్న నారింజ రంగు సురక్షా ట్యూబును ఐదేళ్లకోసారి మార్చాలని గ్యాసు కంపెనీలే చెబుతాయి. ఆ ట్యూబు పొడవు మీటరున్నర దాటదు. పొయ్యి పక్కనే సిలిండరుండే ఇంటికి అది సరిపోతుంది. వంద అడుగుల షెడ్డుకు ఏది సరిపోతుందో మాడుగుల సంతలో ట్యూబు కొనుక్కునే రైతుకు చెప్పే మనిషి ఎవరు? ఆ ప్రమాణాలు అచ్చులో ఉన్నాయి. షెడ్డుకు వచ్చి చూసేవాళ్లే లేరు.

కోళ్ల షెడ్డుకు ఇంకో ప్రత్యేకమైన శత్రువు ఉంది. అది అమ్మోనియా. పెంటతో తడిసిన ఊకలోంచి వచ్చే ఆ ఘాటు షెడ్డులో అడుగుపెట్టిన ఎవరి కళ్లకైనా తెలుస్తుంది. అది కళ్లనే కాదు, ఇత్తడినీ తింటుంది. బిగించి ఉండి, లోపల ఒత్తిడి దాచుకున్న ఇత్తడి ముక్కకు తేమతో కూడిన అమ్మోనియా తగిలితే పైకి ఏ గుర్తూ లేకుండా లోలోపల చీలుతుంది. ఈ సంగతి శాస్త్రానికి తెలిసిందే మన దేశపు గుర్రపుశాలల వల్ల. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తుపాకీ తూటాల ఇత్తడి గొట్టాలను గుర్రపుశాలల్లో దాచితే అవి వాటంతటవే పగిలేవి. గుర్రాల మలమూత్రాల్లోంచి వచ్చే అమ్మోనియాయే దానికి కారణమని 1921లో తేల్చారు. నూరేళ్లు దాటింది. ఈరోజు కోళ్ల షెడ్డులో రెగ్యులేటరు నట్టు, ట్యూబు దూర్చే నాజిలు, టీ జాయింటు, వాల్వు చాలావరకు ఇత్తడివే. హోటలు వంటగదిలో చక్కగా పనిచేసే రాగి పైపుకు కూడా ఈ గాలి పడదు. ఈ ఒక్క ముక్క బ్రూడర్ అమ్మే దుకాణంలో ఒక కాగితం మీద అచ్చువేసి ఇచ్చి ఉంటే ఎంతమంది రైతులు జాగ్రత్తపడేవారు!

లీకయిన గ్యాసు ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. ఎల్పీజీ గాలికన్నా బరువు. పైకి లేచి రేకుల సందుల్లోంచి పోదు, కిందికి దిగి నేలను పట్టుకుంటుంది. కింద ఉన్నదేమిటి? రెండు మూడు అంగుళాల మందాన పరిచిన వరి ఊక. దాని మీద మొదటి రోజుల్లో దాణా చల్లడానికి పరిచిన పాత పేపర్లు. పిల్లలు చెదరకుండా చుట్టూ కట్టిన అట్ట. చలిగాలి రాకుండా నాలుగు వైపులా దించిన ప్లాస్టిక్ సంచుల పరదాలు. గాలిలో సుమారు రెండు శాతం గ్యాసు కలిస్తే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. సిలిండరులో ద్రవంగా ఉన్న ఒక లీటరు గ్యాసు బయటికొస్తే దాదాపు 250 లీటర్ల ఆవిరవుతుంది. ఆ ఆవిరికి కావలసిన నిప్పు వెతుక్కోనక్కర్లేదు, కొన్ని అడుగుల ఎత్తులో బ్రూడర్ మండుతూనే ఉంటుంది. గ్యాసు లీకైతే తెలియడానికి కలిపే వాసన ఇక్కడ అమ్మోనియా ఘాటులో కలిసిపోతుంది. మన ఇంటి వంటగదిలో ముక్కు కాపాడుతుంది. షెడ్డులో ఆ కాపలా కూడా లేదు.

ఇంత ప్రమాదమున్నప్పుడు ప్రభుత్వం కన్ను ఎక్కడుంది? గ్యాసు సిలిండర్ల నియమాలు, 2016 ప్రకారం వంద కిలోల లోపు ఎల్పీజీ నిలవ పెట్టుకోవడానికి కేంద్ర పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) లైసెన్సు అక్కర్లేదు. వాణిజ్య సిలిండరులో ఉండే గ్యాసు 19 కిలోలు. ఐదు పెడితే 95. అంటే ఐదు నిండు సిలిండర్లు, వేలాది పిల్లలు, ఊక, పరదాలు, పక్క గదిలో ఒక కుటుంబం ఉన్న షెడ్డు లైసెన్సు గీతకు కిందే ఉండిపోతుంది. ఆ గీత హోటళ్లనీ చిన్న కొట్లనీ వేధించకుండా ఉండేందుకు గీసింది కావచ్చు. లైసెన్సు అక్కర్లేదు అన్నదాన్ని తనిఖీ అక్కర్లేదు అని చదువుకున్నది మాత్రం అధికారులే.

రైతు వాణిజ్య సిలిండరే వాడతాడన్న నమ్మకమూ లేదు. ధరలో తేడా ఉంది కాబట్టి ఇంటి పేరున వచ్చిన 14.2 కిలోల సిలిండరు షెడ్డుకు చేరుతుంది. 2000 నాటి ఎల్పీజీ సరఫరా, పంపిణీ ఉత్తర్వు దీన్ని నేరమంటుంది. నేరమన్నాక ఎవరూ బయటకు చెప్పరు. గ్యాసు మెకానిక్కును పిలిచి చూపించుకోరు. వాసన వచ్చినా ఏజెన్సీకి ఫోను చేయరు. దీని పర్యవసానం మంటలు లేచిన తరవాత తెలుస్తుంది. గ్యాసు ప్రమాదాలకు చమురు కంపెనీలు తీసుకునే బీమా కింద మనిషి పోతే 6 లక్షల రూపాయలు. ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు, అదీ కనెక్షను నమోదైన చిరునామాలో జరిగితేనే. ఇంటి చిరునామాకు రాసిన సిలిండరు పొలంలోని షెడ్డును కాలిస్తే ఆ రైతు చేతికి ఏం వస్తుంది? ధరలో కొన్ని వందలు మిగులుతాయని చేసిన పని మొత్తం షెడ్డును బీమా బయటికి నెడుతుంది. ఈ మాటను సిలిండరు దించే రోజున చెప్పే ఏజెన్సీ ఎక్కడుంది?

అన్నిటికన్నా బరువైన ఆరోపణ ఇంటిగ్రేటర్ల మీద. కాంట్రాక్టు పెంపకంలో పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి, పెరిగిన కోళ్లూ కంపెనీవే. షెడ్డు, కూలి, కరెంటు, వెచ్చదనం రైతువి. కిలోకు ఇంత అని పెంపకపు కూలి ఇస్తారు. కంపెనీ సూపర్‌వైజరు షెడ్డుకు వచ్చినప్పుడు థర్మామీటరు చూస్తాడు, చచ్చిన పిల్లల్ని లెక్కపెడతాడు, తూకం వేస్తాడు, తిన్న దాణాకు పెరిగిన బరువుకు నిష్పత్తి కడతాడు. 95 డిగ్రీలు లేకపోతే రైతును నిలదీస్తాడు. ఆ 95 డిగ్రీలు ఏ ట్యూబులోంచి వస్తున్నాయో తల పైకెత్తి చూడడు. అతని చెక్‌లిస్టులో ఆ గడి లేదు. వేడి కావాలని ఒప్పందంలో రాసుకున్నవాళ్లకు ఆ వేడి తెచ్చే ప్రమాదంలో వాటా లేకపోవడం అన్యాయం. లాభం కోడితోపాటు లారీ ఎక్కి వెళ్లిపోతుంది, మంట మాత్రం ఊళ్లోనే మిగులుతుంది.

గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం మన రాష్ట్రానిదేనని ప్రభుత్వాలు గర్వంగా చెప్పుకుంటాయి. కోళ్ల పరిశ్రమకు మార్గదర్శకాలు లేవా అంటే ఉన్నాయి. వాటి దృష్టి కంపు మీద, ఈగల మీద, పెంట మీద, ఊరికి ఎంత దూరంలో ఉండాలన్నదాని మీద. అవీ కావలసినవే. ఊరివాళ్లకు ఈగలు రాకుండా చూసే శ్రద్ధలో సగం షెడ్డు పక్కనే పడుకునే కూలి ప్రాణం మీద ఉంటే ఈ సంపాదకీయం రాయవలసిన పని లేదు.

గొట్టాన్నీ అతుకునూ చిన్న విషయమని కొట్టిపారేసే అలవాటు మనకు ఎంత నష్టం చేసిందో ఉమ్మడి విశాఖకు కొత్తగా చెప్పాలా? 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై అంటుకుంటే అరవై మంది దాకా చనిపోయారు. 2024 ఆగస్టు 21న మన అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో ఎసైన్షియా ఫార్మా పరిశ్రమలో పేలుడుకు 17 మంది బలయ్యారు. పైపులోంచి కారిన ద్రావకం వల్లే అది జరిగిందని తొలి విచారణలో బయటపడింది. ఇనుప పైపు వేస్తే చాలని నమ్మేవాళ్లు కోనసీమలోని నగరం గ్రామాన్ని గుర్తుచేసుకోవాలి. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గెయిల్ పైపులైను బద్దలై ఇరవై మందికి పైగా మాడిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన పైపులో తడి గ్యాసు పంపారు. లోపల చేరిన తేమకు పైపు తుప్పుపట్టింది. లీకవుతోందని ఊరివాళ్లు ముందే మొరపెట్టుకున్నారు. ఉక్కు పైపు వేసినంత మాత్రాన భద్రత రాదు. ఏ గాలిలో, ఏ తేమలో, ఏ కదలికలో అది ఉంటుందో చూసి, ఆ తరవాత కూడా చూస్తూ ఉండేవాడు కావాలి. పెద్ద పరిశ్రమలో ఒకేసారి పదుల సంఖ్యలో పోతే కమిటీలు వేస్తాం. పొలంలో ఒక షెడ్డు కాలి ఒక కూలి పోతే కారణం షార్ట్ సర్క్యూటా, ట్యూబు లీకా అని తేల్చే ఓపిక కూడా మనకు ఉండదు. కారణం తేల్చనిదాన్ని ఆపడం ఎవరి తరం?

ఖర్చు అనే మాట తప్పకుండా వస్తుంది. మార్కెట్టులో కోడి ధర పడితే అప్పుల్లో పడే రైతు మీద కొత్త భారం వేస్తారా అని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనది. కాబట్టే ఆ భారం రైతు ఒక్కడి మీద పెట్టమని మేము అనడం లేదు. షెడ్డు పక్కగా ఒక ఉక్కు పైపు, బ్రూడర్‌కొక వాల్వు, చివర్లో తీగల అల్లిక ఉన్న పొట్టి ట్యూబు. ఇది ఒకసారి సరిగా వేస్తే ఎన్నో బ్యాచ్‌లు నడిచే ఏర్పాటు. ఏటా బ్యాచ్ వెనక బ్యాచ్ ఆ షెడ్డు మీద బేరం చేసుకునే కంపెనీ అందులో సగం పెట్టుకోలేదా? అర్హత ఉన్న ఇళ్లకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 పథకాన్ని 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో మొదలుపెట్టిన ప్రభుత్వం, సిలిండరును వంటింటికి చేర్చగలిగినప్పుడు భద్రతను ప్రతి షెడ్డుకూ చేర్చలేదా? మనసుంటే చేర్చగలదు.

చేయవలసినవి చాలా స్పష్టంగా ఉన్నాయి. వంద కిలోల గీతకు లోపలున్నా సరే, పైకప్పు నుంచి వేలాడే గ్యాసు బ్రూడర్ ఉన్న ప్రతి షెడ్డునూ చలికాలం ముందు ఏటా ఒకసారి గ్యాసు ఏజెన్సీ మెకానిక్కు, అగ్నిమాపక సిబ్బంది కలిసి చూడాలి. ఆ తనిఖీ జరిమానా కోసం కాకుండా సరిచేయడం కోసం జరగాలి. ఇంటి సిలిండరు దొరికిందని కేసు పెడితే మరుసటి ఏడాది ఎవడూ తలుపు తీయడు. కోళ్ల రైతుకు వాణిజ్య సిలిండరు అందుబాటు ధరలో ఇచ్చే మార్గాన్ని చమురు కంపెనీలు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి వెతకాలి. మంట ఆరితే గ్యాసును తానే ఆపేసే సదుపాయం లేని బ్రూడర్‌ని అమ్మనివ్వకూడదు. బ్రూడర్‌తోపాటే ఏ గొట్టం వాడాలి, ఎంత పొడవు, ఎన్నాళ్లకు మార్చాలి, ఇత్తడి భాగాలను ఎప్పుడు చూసుకోవాలి అని తెలుగులో రాసిన కాగితం ఇవ్వాలి. అగ్గిపుల్ల గీసి లీకు చూసే అలవాటు మానిపించి, ప్రతి బ్యాచ్‌కు ముందు ప్రతి అతుకు మీదా సబ్బు నురగ రాసి చూడడం నేర్పాలి. ఆ పని రైతు సేవా కేంద్రంలో చేస్తారో, పశువుల ఆస్పత్రిలో చేస్తారో ప్రభుత్వమే తేల్చుకోవాలి, కానీ చేయాలి. ఇంటిగ్రేటరు ఒప్పందంలో వెచ్చదనం గురించి ఒక వాక్యం ఉంటే, దాని కిందే గ్యాసు ఏర్పాటు గురించి, దాని ఖర్చులో కంపెనీ వాటా గురించి, ప్రమాదం జరిగితే కూలీ కుటుంబానికి బాధ్యత గురించి మరో వాక్యం ఉండాలి. అది లేని ఒప్పందం చెల్లదని చట్టమే చెప్పాలి.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఒక్కటీ లేదు. ఇత్తడికి అమ్మోనియా పడదని నూరేళ్ల కిందట తెలిసింది. కదిలే పరికరానికి ఏ గొట్టం వేయాలో గ్యాసు మెకానిక్కులందరికీ తెలుసు. ట్యూబు ఐదేళ్లే మన్నుతుందని గ్యాసు కంపెనీలే రాసి పెట్టాయి. తెలిసి కూడా చెప్పకపోతే, చెప్పవలసిన చోటికి వెళ్లకపోతే, అది తెలియకపోవడం కన్నా పెద్ద తప్పు. వచ్చే చలికాలం లోపు మాడుగుల, చోడవరం, అనకాపల్లి షెడ్లలో ఈ తనిఖీ మొదలుపెట్టే అధికారం జిల్లా కలెక్టరుకు ఉంది. ఒక సమావేశం పిలిచి, గ్యాసు ఏజెన్సీలనూ ఇంటిగ్రేటర్లనూ అగ్నిమాపక శాఖనూ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఎవరి వంతు ఎంతో తారీకులతో రాయించుకోవడం ఒక్క పూట పని. ఆ పూట కేటాయించకపోతే, తరవాత కాలిన షెడ్డు దగ్గరికి వెళ్లి చేసే పరామర్శకు విలువ ఉండదు.